కండ, బొక్క, మా తాత చెయ్యి



ఈ సంచికకు సైన్సు వ్యాసం ఎవ్వరూ ఇవ్వలేదని మన సంపాదక మిత్రులు నా వెంట పడ్డారు. "ఎముకలు, కండరాలు కలిసి పనిచేయు విధానం గురించి రాస్తా" అన్నాను. "అది పాఠంలో ఉన్నదే గదరా, మళ్ళీ గోడ మీద ఎందుకు?" అన్నారు. పాఠంలో ఉన్న మాట వాస్తవమే. అయితే పాఠంలో ఎముకల బొమ్మ ఒక పేజీలో ఉంటుంది, కండరాల బొమ్మ ఇంకో పేజీలో ఉంటుంది. మొదటి బొమ్మలోని మనిషికి కండ లేదు. రెండో బొమ్మలోని మనిషికి బొక్క కనపడదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎట్లా కలిసి నడుస్తాయో, కలవకపోతే ఏమవుతుందో నేను మొన్న దసరా సెలవుల్లో హైదరాబాదు చాదర్‌ఘాట్‌లో చూసి వచ్చాను. కావున రాస్తున్నాను. రెండు డ్రాయింగ్ షీట్లు పట్టింది. ఓపికతో చదవగలరు.

ముందు లెక్కలు చెప్పేస్తాను. పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలు. పుట్టిన పిల్లకు ఇంకా ఎక్కువ, 300 దాకా ఉంటాయి. ఎదిగే కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఎముకలను పట్టుకొని ఉండి మనం చెప్పినట్టు వినే కండరాలు 600 పైచిలుకు. మన బరువులో నూటికి దాదాపు 40 వంతులు ఈ కండలదే. ఇవన్నీ బిట్ పేపర్లో వస్తాయి. బిట్ పేపర్లో రాని మాట ఒకటుంది, నా దృష్టిలో అదే అసలుది. కండరం లాగగలదు, అంతే. నెట్టడం దానికి చేతకాదు.

"మరి కబడ్డీలో అవతలి వాణ్ణి నెట్టడం లేదా?" అని మా రూములో వాదన అయింది. నెడతాం. కానీ నెట్టేటప్పుడు ఏం చేస్తున్నాం? వంచిన చెయ్యిని చాపుతున్నాం. చెయ్యి చాపడానికి జబ్బ వెనుక ఉన్న త్రిశిర కండరం మోచేతి వెనుక కొసను పట్టి పైకి లాగుతుంది. బయటికి నెట్టినట్టు కనపడుతుంది, లోపల జరిగేది లాగుడే. చెయ్యి మడవాలంటే జబ్బ ముందున్న ద్విశిర కండరం లాగుతుంది, అప్పుడు వెనుకది వదలాలి. రెండూ ఒకేసారి గట్టిగా లాగితే చెయ్యి కొయ్యలాగా బిగుసుకొని అక్కడే ఉంటుంది. ఎడమ చేతితో కుడి జబ్బ పట్టుకొని మడిచి, చాపి చూడండి. ఇప్పుడే చూడండి, గోడ దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వినా ఫర్వాలేదు.

మా తాత వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండి తోలేవాడు. బండికి కుడి పగ్గం, ఎడమ పగ్గం రెండూ ఉండాలి. పగ్గంతో ఎద్దును నెట్టలేం, లాగే పనే. కుడికి పోవాలంటే కుడి పగ్గం లాగి ఎడమది వదులు చేయాలి. ఒంట్లో కండరాలు కూడా అట్లా జతలు జతలుగానే ఉన్నాయి. సైన్సులో వ్యతిరేక కండరాలు అని పేరు పెట్టారు గానీ అవి పగవాళ్ళేం కాదు, జోడెడ్ల మాదిరి.

కండ కొస సన్నబడి తెల్లటి తాడులాగా అయి ఎముకకు అతుకుతుంది. దాన్ని స్నాయుబంధనం అంటారు, మన సారు టెండాన్ అని చెప్తారు. కూర్చొని మోకాలు మడిచి వెనుక తడిమితే రెండు పక్కలా తీగల్లాగా తగులుతాయే, అవి టెండాన్లు. ఎముకను ఎముకతో కట్టేది వేరే ఉంది, అది సంధిబంధనం, లిగమెంట్. కీలు ఊడిపోకుండా పట్టుకునేది అదే. వంగేంత మెత్తగా ఉండాలి, ఊడిపోనంత గట్టిగా ఉండాలి. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి, కింద తాత విషయం వచ్చినప్పుడు అవసరం పడతాయి.

ఇంకొక్క సంగతి చెప్పి చాదర్‌ఘాట్‌కు పోదాం. మన డార్మిటరీ తలుపు కొసన పట్టి నెట్టండి, వేలితో కదులుతుంది. బందు దగ్గర చెయ్యి పెట్టి నెట్టండి, ఒళ్ళంతా బలం పెట్టాలి. మన కండరాలు బందు దగ్గర చెయ్యి పెట్టిన మనిషి లాంటివి. ద్విశిర కండరం మోచేతి కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలో అతుక్కుంది. అరచెయ్యి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే చేతిలో 5 కిలోల బియ్యం సంచి పట్టుకొని నిలబెడితే కండ 35 కిలోల బరువంత లాగుడు లాగుతూ ఉండాలి. చేతి బరువు వేరే. గడ్డపారతో మనం చిన్న బలం పెట్టి పెద్ద రాయి లేపుతాం. ఒంట్లో దానికి తిరుగుబాటు, పెద్ద బలం పెట్టి చిన్న బరువు లేపుతాం. ఇది నష్టం అనుకోవద్దు. కండ 5 సెంటీమీటర్లు ముడుచుకుంటే అరచెయ్యి 35 సెంటీమీటర్లు పోతుంది. అంత వేగం ఉండబట్టే రాయి విసరగలం, బంతి పట్టగలం, ఈగను కొట్టగలం.

ఇక చాదర్‌ఘాట్. మూసీ మీద వంతెన, వంతెనకు ఒక దిక్కు మలక్‌పేట, ఇంకో దిక్కు కోఠి. పూర్వం మూసీ నీళ్ళు కట్ట మీంచి చాదర్ పరిచినట్టు దుమికేవని, అందుకే ఆ పేరొచ్చిందని అక్కడి పెద్దమనుషులు చెప్తారు. ఇప్పుడైతే నీళ్ళ కంటే ముందు వాసన వస్తుంది. మా మేనమామ అక్కడ కిరాయి రూములో ఉంటాడు, మలక్‌పేట గంజ్‌లో హమాలి. బస్సులో మాకొక తమాషా జరిగింది. పక్కనున్న ఆయన "ఏ ఊరు బాబూ?" అంటే "నాంపల్లి" అన్నాను. "అయితే కోఠి దాటాలె, దూరం పోవాలె" అన్నాడు. మాది నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలో తండా, హైదరాబాదు నాంపల్లి కాదు అని చెప్పేసరికి బస్టాండే వచ్చేసింది.

మామ తెల్లవారకముందే గంజ్‌కు పోతాడు. రెండు రోజులు నేనూ వెంట పోయాను. ఉల్లిగడ్డ బస్తాలు, మిర్చి బస్తాలు లారీల్లోంచి దించుతారు. మిర్చి దగ్గర నాకు తుమ్ములు ఆగలేదు, హమాలీలకు అలవాటైపోయింది. ఉల్లిగడ్డ బస్తా 50 కిలోలు అనుకోండి. లారీ మీద ఇద్దరు పట్టి ఎత్తి కింద నిలబడ్డ వాడి వీపు మీద పెడతారు. ఆ మనిషి కొంచెం ముందుకు వంగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నడుస్తాడు. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగుతాడని మామను అడిగాను.

"బరువు కుదురుకోవాలె అల్లుడా. నడుము కండ మీద పడితే సాయంత్రానికి మనిషి పండుకుంటడు. బొక్కల మీద పడాలె. బొక్కల మీద పడితే పొద్దంత మోయొచ్చు."

మామ మూడో తరగతి దాకా చదివాడు. కానీ మన పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పేది నాలుగు ముక్కల్లో చెప్పాడు. 50 కిలోలు వెన్నెముకకు నేరుగా పైన ఉంటే ఆ బరువు వెన్నుపూస మీంచి వెన్నుపూసకు, తుంటికి, తొడ ఎముకకు, మడమకు, నేలకు దిగిపోతుంది. కండరాలు బస్తా అటూ ఇటూ ఒరగకుండా కాస్త కాస్త లాగుతూ ఉంటే చాలు, గుడారం కర్రకు కట్టిన తాళ్ళ మాదిరి. అదే బస్తాను నడుము వంచి ముందునుంచి ఎత్తితే లెక్క మారిపోతుంది. బరువు వెన్నెముకకు అర మీటరు ముందు ఉంటుంది. దాన్ని ఆపే వీపు కండరాలు వెన్నుకు 5 సెంటీమీటర్లే వెనుక ఉంటాయి. పది రెట్ల తేడా. 20 కిలోలు ఎత్తడానికి 200 కిలోల లాగుడు, పైగా మన తల, ఛాతీ బరువు వేరే ఉంది. ఆ లాగుడంతా వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళల మీద పడుతుంది. కాబట్టి కింద ఉన్న బస్తాను హమాలీలు మోకాళ్ళు మడిచి, బస్తాను ఒంటికి ఆనించుకొని లేస్తారు. లేపేది తొడ కండ. ఆ కండ టెండాన్ మోకాటి చిప్ప మీంచి పోతుంది, చిప్ప బావి గిలక లాగా పనిచేసి లాగుడుకు దారి చూపిస్తుంది. తీజ్ పండుగకు మన అక్కచెల్లెళ్ళు గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకొని ఆడతారు గదా, మెడ మీద బరువు నేరుగా ఉండబట్టే అంతసేపు ఆడగలరు. అదే బుట్ట చెయ్యి చాపి పట్టుకొని ఆడమనండి చూద్దాం.

చాదర్‌ఘాట్‌లోనే విక్టరీ ప్లేగ్రౌండ్ ఉంది. సాయంత్రం అక్కడ ఆటలాడే వాళ్ళను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎముక చచ్చిన కట్టె కాదు, ప్రాణమున్నది. కండ ఎంత లాగితే ఎముక అంత గట్టిపడుతుంది. టెన్నిస్ ఆడేవాళ్ళకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. అంతరిక్షంలో బరువు తెలియదు, కండకు పని తక్కువ, కాబట్టి అక్కడ ఉండే వ్యోమగాములకు తుంటి, నడుము ఎముకల్లోంచి నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు గట్టిదనం పోతుంది. అందుకే వాళ్ళు అక్కడ కూడా రోజూ కసరత్తు చేస్తారు. పొద్దున పీటీ ఎగ్గొట్టే మిత్రులకు ఈ వాక్యం అంకితం.

కండ ఎముకకు ఇచ్చేది అది. ఎముక కండకు ఏమిస్తుంది? నిలబడే చోటు ఇస్తుంది, ఇంకా కాల్షియం ఇస్తుంది. ఒంట్లో ఉన్న కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్ళలో దాచి ఉంటుంది. మిగిలిన ఒక్క వంతుతోనే గుండె కొట్టుకోవాలి, కండ ముడుచుకోవాలి. రక్తంలో అది తగ్గితే చేతులు కొంకర్లు పోతాయి. అందుకని తగ్గినప్పుడల్లా ఎముక తన గాదెలోంచి తీసి అప్పిస్తుంది. మనం తిన్నప్పుడు మళ్ళీ దాచుకుంటుంది. ఇంకో వింత ఏమంటే కండకు లాగడానికే కాదు, లాగింది వదలడానికి కూడా శక్తి కావాలి. చచ్చిన జంతువు కొంతసేపటికి కట్టెలా బిగుసుకుపోయేది అందుకే, వదిలే శక్తి లేక.

నేను పోయిన నాలుగో రోజు యాడి మా తాతను తీసుకొని వచ్చింది. దవాఖానలో చూపిద్దామని మామ పిలిపించాడు. తాతకు సుమారు 68 ఏళ్ళు. కానీ వంగిపోయి ఎంతో కాలమైంది, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన అట్లనే ఉన్నాడు. మెడ తిరగదు. పక్కనున్నవాడితో మాట్లాడాలంటే మనిషంతా తిరగాలి. నడిచేటప్పుడు తన కాళ్ళ ముందు రెండు గజాల నేల తప్ప ఏమీ కనపడదు. తండాలో కొందరు "ముసలితనం" అంటారు, కొందరు "పోయిన జన్మది" అంటారు. పనికి సోమరి అని కూడా అన్నారట ఒకప్పుడు. ఆ మాట యాడి ఇప్పటికీ చెప్పి బాధపడుతుంది.

వంతెన దగ్గర మెట్రో రైలు పైన పోతుంటే తాత చప్పుడు విని "ఏంది అది?" అన్నాడు. రైలు అంటే "మీద రైలా?" అన్నాడు. తల ఎత్తలేడు గదా. ఇంకో రైలు వచ్చేదాకా ఆగి మామ ఆయన భుజాలు పట్టుకొని నిచ్చెనను వాల్చినట్టు మొత్తం మనిషిని వెనక్కి వాల్చాడు. అప్పుడు చూశాడు. "మంచిగనే పోతున్నదిరా" అన్నాడు. అక్కడ పండ్ల బండి ఆయన మమ్మల్ని చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. రెండు ఫిల్ములు, ఒకటి నడుముది, ఒకటి ముంజేతిది. లైటు డబ్బా మీద పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది. స్కూల్లో చదువుతున్నానని చెప్తే ఓపికగా చూపించింది. మంచి ఎముక ఫిల్ములో బూడిద తెలుపులో ఉంటుందట. తాతవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఎముకలు వీకయినయా మేడం?" అని మామ అడిగాడు.

"వీక్ కాదు. ఉండాల్సినదాని కంటే ఎక్కువయింది. ఉండకూడని చోట కూడా ఎముకే తయారయింది" అని తాత వైపు తిరిగి, "తాతా, మీ ఊళ్ళో ఏం నీళ్ళు తాగేటోళ్ళు?" అంది.

"బోరు నీళ్ళు" అన్నాడు తాత. "అంతకు ముందు బాయి నీళ్ళు."

అప్పుడు ఆమె "అరచెయ్యి పైకి తిప్పి చూపించు" అంది. తాత చెయ్యి చాపాడు. అరచెయ్యి పక్కవాటుగా నిలబడిపోయింది, పైకి తిరగలేదు. తాత ముఖంలో బలం పెడుతున్నట్టు కనపడుతోంది. జబ్బ మీద కండ ఉబ్బింది. నేను కళ్ళారా చూశాను, కండ లాగుతోంది. చెయ్యి తిరగడం లేదు.

ఇక్కడ ఒక్కసారి మీ ముంజేయి చూసుకోండి. అందులో రెండు ఎముకలు ఉన్నాయి, రత్ని, అరత్ని. అరచెయ్యి బోర్లా తిప్పినప్పుడు ఒక ఎముక రెండోదాని మీదికి అడ్డంగా వస్తుంది, పైకి తిప్పినప్పుడు పక్కపక్కనే ఉంటాయి. రెండిటి మధ్య ఒక పలుచని పొర ఉంటుంది, రెండిటినీ కలిపి పట్టుకునేది. తాత ఫిల్ములో ఆ పొర ఎముకగా మారి ముళ్ళు ముళ్ళుగా కనిపించింది. వెన్నుపూసల వెంబడి ఉండే లిగమెంట్లు కూడా గట్టిపడిపోయి వెన్ను అంతా ఒకే కర్ర అయింది. తలుపు బందుకు సిమెంటు పోస్తే తలుపుదేం తప్పు, నెట్టే మనిషిదేం తప్పు? తాతకు కండ ఉంది, బొక్క ఉంది, మధ్యలో వంగేది పోయింది. వాడని కండ మెల్లమెల్లగా చిక్కిపోతుంది, కాళ్ళలో అదే జరుగుతోందట. వెన్నుపూసల లోపలి దారి ఇరుకైతే అందులోంచి పోయే వెన్నుపాము నలిగి కాళ్ళకు ఆజ్ఞ కూడా సరిగా అందదు అని డాక్టరమ్మ చెప్పింది.

ఇది ఫ్లోరోసిస్. మా వైపు భూమి కింద ఉన్న గ్రానైటు రాళ్ళలోంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకలో చేరి కూర్చుంటుంది. ఎముక బరువెక్కుతుంది, కానీ పెళుసు. పిల్లలకైతే ముందు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు గార కనపడుతుంది. గార తోముడు తక్కువై వచ్చింది కాదు, తోమినా పోదు. కాబట్టి మా ఊరి పిల్లల్ని చూసి నవ్వే వాళ్ళు ఇది గమనించాలి.

సెలవుల తర్వాత బయాలజీ సారుకు ఫిల్ము చూపించాను. సారు చెప్పిన సంగతులు విని నాకు ఆశ్చర్యం వేసింది. ఉస్మానియా వైద్య కళాశాల కోఠిలో ఉంది, మామ రూము నుంచి నడిచి పోయేంత దూరం. అక్కడి డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 1955 అంటే మా తాత అప్పుడే పుట్టి ఉంటాడు, లేదా ఇంకా పుట్టలేదు. ఆయన పుట్టినప్పుడే ఆయన రోగం ఏమిటో పుస్తకంలో అచ్చయి ఉంది. అంతకు ముందే 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో మనుషులకు ఈ జబ్బు ఉందని వైద్యులు రాశారు. ఆ దర్శి, పొదిలి ఊళ్ళు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. రైతులు ముందుగా గమనించింది ఎడ్లను. ఎక్కడినుంచో తెచ్చిన మంచి ఎడ్లు కొన్నేళ్ళకు కాళ్ళు బిగిసి అరక లాగలేకపోయేవి. ఈ మాట తాతకు ఫోనులో చెప్తే "మన జోడు గూడ అట్లనే పాడయింది గదా" అన్నాడు. ఆ ఎడ్లు కూడా అవే నీళ్ళు తాగాయి.

అదే వైద్య కళాశాలకు మూలమైన వైద్య పాఠశాల 1846లో మొదలైంది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ అనే ఆయన కాలంలో, 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి క్లోరోఫాం మీద హైదరాబాదులో పెద్ద పరీక్షలు జరిగాయి. అది మన పాఠానికి కూడా పనికొస్తుంది. భుజం కీలు జారితే చుట్టూ ఉన్న కండలు భయపడ్డట్టు బిగుసుకొని ఎముకను లోపలికి రానివ్వవు. మత్తు ఇస్తే కండలు వదులవుతాయి, కీలు సుళువుగా కూర్చుంటుంది. కండ బిగిసిన చోట మత్తు పనిచేస్తుంది. ఎముకే అడ్డుపడ్డ చోట మత్తుతో కూడా పని కాదు. డాక్టరమ్మ "పోయింది వెనక్కి రాదు, ఉన్నది కాపాడుకోవాలి" అన్నది అందుకే.

నీళ్ళ కోసం మా జిల్లా వాళ్ళు చాలా చేశారు. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ వాళ్ళు కనిపెట్టారు, దానికి పేరే నల్లగొండ టెక్నిక్. 1996 లోక్‌సభ ఎన్నికల్లో తమ నీళ్ళ గోస అందరికీ తెలియాలని నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకం అయింది, ఎన్నిక వాయిదా పడింది. నాకు ఇది తలచుకుంటే నవ్వు, గర్వం రెండూ వస్తాయి. చౌటుప్పల్‌లో 2015లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు. మా తండాకు ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాలో వస్తాయి. నా పళ్ళ మీద గార లేదు, మా అన్న పళ్ళ మీద ఉంది. మా ఇద్దరికీ ఎనిమిదేళ్ళ తేడా.

తిండి సంగతి కూడా డాక్టరమ్మ చెప్పింది. పాలు, రాగులు, ఆకుకూరలు తినమంది, అనగా కాల్షియం. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరీక్ష చేసి 2002లో రాశారని సారు చెప్పారు. రోజూ చారేనా అని మెస్సులో విసుక్కునే మిత్రులు గమనించగలరు. (వంట అమ్మ నాతో ఈ వాక్యం రాయించలేదు.)

ఎముకలో ఏముంటుందో తెలుసుకోవాలంటే ఒక ప్రయోగం ఉంది. ఆదివారం కోడి కాలి ఎముక ఒకటి శుభ్రంగా కడిగి వెనిగర్‌లో వారం రోజులు ఉంచండి, మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చండి. కాల్షియం కరిగిపోయి ఎముక రబ్బరులాగా వంగుతుంది. ఇంకో ఎముకను పొయ్యిలో బాగా కాల్చండి, వేళ్ళతో నొక్కితే పొడి అవుతుంది. వంగేది ఒకటి, గట్టిది ఒకటి, రెండూ కలిస్తేనే ఎముక. పొయ్యి దగ్గరికి పోవడానికి వార్డెన్ సారు అనుమతి తీసుకోవాలి.

తాతకు ఒక్కటి మాత్రం మిగిలింది, వేళ్ళు. వేళ్ళలో కండ ఉండదని మీకు తెలుసా? వేళ్ళను మడిచే పెద్ద కండలు ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి పొడుగాటి టెండాన్లు మణికట్టు దాటి వేలి కొసల దాకా పోతాయి, కీలుబొమ్మ దారాల్లాగా. ముంజేయి పట్టుకొని వేళ్ళు ఆడించండి, లోపల కదలడం తెలుస్తుంది. తాతకు ఆ దారాలు ఇంకా బాగానే ఉన్నాయి. చాదర్‌ఘాట్ రూములో కూర్చొని మామ తెచ్చిన కిలో పల్లికాయ మొత్తం ఒలిచాడు, నేను పావు కిలో ఒలిచేసరికి. దవాఖానలో నేర్పిన కసరత్తులు కూడా చేస్తున్నాడు. పొద్దున పది సార్లు, సాయంత్రం పది సార్లు మణికట్టు తిప్పాలి. కానీ దోసిలి పట్టలేడు. అరచేతులు పైకి తిరగవు గదా. నల్లా దగ్గర నీళ్ళు తాగాలంటే గ్లాసు కావాలి, గ్లాసు లేకపోతే యాడి తన దోసిట్లో పట్టి తాగిస్తుంది.

ముంజేతి ఎక్స్‌రే ఫిల్మును సైన్సు ల్యాబులో తూర్పు కిటికీకి అంటించాను. పక్కనే సారు తెచ్చిన మామూలు ముంజేతి ఫిల్ము కూడా పెట్టాం. చూడాలనుకున్నవాళ్ళు పొద్దున ప్రార్థనకు ముందు రండి, అప్పుడు వెలుగు వెనుకనుంచి వస్తుంది కాబట్టి ముళ్ళు స్పష్టంగా కనపడతాయి. వేలు పెట్టి గీకకండి. సంక్రాంతి సెలవులకు దాన్ని తిరిగి తీసుకుపోవాలి, తాత అడుగుతాడు.